వీరవేణి గారి మొహమాటం

మొదటి రోజు, సోమవారం

పొద్దున్న ఆరున్నరకి మా పడవ పెదమెరక రేవులో ఆగింది. పడవ పేరు గౌతమి మూడు. పేరుకి పడవే గానీ లోపల ఎనిమిది మంచాల ఆసుపత్రి. ఒక్కో రేవులో పది రోజులుంటాం. ఉప్పునీళ్ళు లోపలిదాకా వచ్చి ఊళ్ళలో ఇళ్ళన్నీ స్తంభాల మీదికి ఎక్కాక జనం ఆసుపత్రికి రావడం కష్టమైంది, అందుకని మేమే వాళ్ళ గుమ్మాల దగ్గరికి పోతున్నాం.

నా పేరు ఎస్తేరు రాణి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. ఈ పడవకి హెడ్ సిస్టర్ని, పడవ మీద నర్సింగ్ చదివే పిల్లలకి పంతులమ్మని కూడా. పిల్లలంటున్నాను గానీ ఈ ఏడు ఒక్కతే వచ్చింది. నక్షత్ర, రెండో సంవత్సరం. మనిషిని పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, దుప్పటి మార్చడం అన్నీ పైకప్పు పట్టాల మీద తిరిగే యంత్రపు చేతులే చేస్తున్నప్పుడు ఈ చదువు ఇంకెవరికి కావాలి? ఎందుకు చేరావే అని అడిగితే "ఇంజనీరింగ్ సీటు రాలేదు మేడమ్" అంది. అబద్ధం చెప్పలేదు, అందుకు నచ్చింది.

ఈ పుస్తకం నా సొంతం. కంప్యూటర్లో ఏం రాసినా అది పోయి రోగుల రికార్డుల్లో కలుస్తుంది. కాగితం మీద రాసింది ఎక్కడికీ పోదు కాబట్టి ఇక్కడ కాస్త నోరు పారేసుకోవచ్చు.

ఇవాళ చేరింది ఒక్కరే. వీరవేణి గారు, యాభై తొమ్మిదేళ్ళు. రేవు మెట్ల పక్కన పెసరట్ల కొట్టు ఆవిడది. ఎడమ మడమ పక్కన ఉప్పుపుండు. నీళ్ళలో గవ్వ కోసుకుంటే ఈ మధ్య వస్తోందే, అదే. ఆవిడ దాన్ని రెండు నెలలు గుడ్డ కట్టి దాచింది. కట్టు విప్పగానే నక్షత్ర మొహం పక్కకి తిప్పుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను, మొదటిసారి నేనూ అలాగే చేశాను.

రెండో రోజు, మంగళవారం

ఉదయం రౌండు. మంచం తలవైపు అరచేతంత పలక ఉంటుంది. దాని ముందు నిలబడి అడిగాను.

"వీరవేణి గారూ, నొప్పి పదికి ఎంత?"

"రెండండి. పర్లేదండి," అంది పలక, అచ్చం ఆవిడ గొంతుతో.

దాన్నే మేం నీడ అంటాం. మనిషి ఇన్నేళ్ళుగా ఆరోగ్య కేంద్రాల్లో చెప్పిన జవాబులన్నీ నేర్చుకుని, ఆ మనిషి తరఫున తనే జవాబు చెబుతుంది. నేను రెండు అని వేసి సంతకం పెట్టాను. వీరవేణి గారు కిటికీలోంచి రేవు వైపు చూస్తున్నారు.

బయటికి వచ్చాక నక్షత్ర అడిగింది. "ఆవిడ మెలకువగానే ఉన్నారు కదా మేడమ్. ఆవిణ్ణే అడగొచ్చు కదా?"

పాఠంలో ఉన్నదే చెప్పాను. జబ్బు మనిషిని రోజుకి ముప్పైసార్లు నొప్పెంత, నిద్రెంత అని వేధిస్తే ఇంక విశ్రాంతి ఎక్కడిది? అందుకే నీడ. తప్పనిసరై మనిషినే అడగాల్సి వస్తే ఒక్కసారే అడగాలి. మళ్ళీ మళ్ళీ అడిగితే అది ఒత్తిడి, ఆ జవాబు చెల్లదు.

"ఒక ప్రశ్న, ఒక జవాబు. మూడో పాఠం. ఎవరు రాశారో చూశావా?"

"మీరే మేడమ్," అంది, నవ్వు ఆపుకుంటూ.

నేనే రాశాను, పదకొండేళ్ళ క్రితం. ఊరికే రాయలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బాలింతని ఆపరేషన్‌కి సంతకం పెట్టమని ఒకే పూట ఆరుసార్లు అడగడం చూశాను. ఐదుసార్లు వద్దంది. ఆరోసారి ఏడుస్తూ పెట్టింది. ఆ పిల్ల ఏడుపు మర్చిపోలేక రాసిన పాఠం అది. ఇప్పుడు ఈ తీరంలోని కాలేజీలన్నిటిలో చెబుతున్నారు. కాస్త గర్వంగానే ఉంటుంది, దాచుకోవడం దేనికి.

మూడో రోజు, బుధవారం

డాక్టర్ ఫణీంద్ర పుండు చూశారు. మదనపల్లె నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, మంచివాడు, మాట సూటిగా ఉంటుంది. ఆవిడ వింటుండగానే దారులు రెండే అన్నారు. ఒకటి, మోకాలి కింద తీసేయడం. పది రోజుల్లో కొత్త కాలు వస్తుంది. ఆ కాళ్ళు బాగుంటాయి, నేను చాలామందికి తొడిగాను, పరిగెత్తేవాళ్ళు కూడా ఉన్నారు. రెండోది, ఆరేడు వారాలు రోజుకి రెండుసార్లు కట్టు మార్చడం. చెడ్డ కండని కొద్దికొద్దిగా తీస్తూ, మంచి కండని కాపాడుతూ పోవాలి. యంత్రపు చేతులకి రాని పని, మన చేతులతోనే చెయ్యాలి. ఆవిడ మాతోపాటు రేవు రేవూ తిరగాలి. అంతా చేశాక కూడా కాలు నిలుస్తుందన్న హామీ లేదు.

"రెండూ తప్పు కాదు సిస్టర్. ఆమె ఏది కోరుకుంటే అది," అన్నారు.

నీడని అడిగాం. అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తీసేయండి డాక్టర్ గారూ. నా గురించి ఎవరికీ శ్రమ వద్దండి."

శనివారం పదింటికి ఆపరేషన్ అని రాసేశారు. ఆపరేషన్లకి మాత్రం నీడ జవాబు ఒక్కటే చాలదు. థియేటర్‌కి తీసుకెళ్ళే ముందు డాక్టరు స్వయంగా మనిషిని అడగాలి. అదీ ఒక్కసారే.

నాలుగో రోజు, గురువారం

నక్షత్రని ఇవాళ చెడామడా తిట్టాను. రౌండుకి పిలిస్తే పలకదు. వెళ్ళి చూస్తే ఆక్సిజన్ గదిలో ఉండాల్సిన స్టూలు వీరవేణి గారి మంచం పక్కకి చేరింది, దాని మీద ఈ మహాతల్లి కూర్చుని ఉంది.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు మేడమ్. కూర్చున్నాను."

"కూర్చోడానికి స్టైఫండ్ ఇస్తున్నారా నీకు?"

బయటికి లాక్కొచ్చాను. వస్తూనే మెల్లిగా అంది. "యంత్రం ఆవిణ్ణి పక్కకి తిప్పినప్పుడు చూశాను మేడమ్. కొంగు నోట్లో పెట్టుకుని కొరుక్కున్నారు. రెండు నొప్పికి ఎవరైనా కొంగు కొరుక్కుంటారా?"

మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా వెళ్ళి చూశాను. ఆకుపచ్చ నేతచీర. కొంగు చివర బెత్తెడు మేర పళ్ళగాట్లు, రెండుచోట్ల దారాలు తెగి చిల్లులు పడ్డాయి. ఒక్క రోజులో అయ్యే పని కాదు.

పోయి ఆవిడ నీడ చిట్టా మొత్తం తీశాను. పదకొండేళ్ళ జవాబులు. జ్వరానికి పర్లేదండి. చెయ్యి విరిగితే పర్లేదండి. ఈ మందు వేసుకుంటారా అంటే మీ ఇష్టమండి. ఇంకో వారం ఆగుతారా అంటే అలాగేనండి. నాలుగు వందల పన్నెండు జవాబులుంటే ఒక్కదాంట్లోనూ కాదు అన్న మాట లేదు. ఉండదు కూడా. ఒక ప్రశ్నకి మొదటి జవాబు తప్ప మిగతాది ఏదీ నీడలోకి ఎక్కించకూడదని రూలు. ఆ రూలు ఎక్కడిదో నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఐదో రోజు, శుక్రవారం

పదకొండింటికి వీరవేణి గారి తోడికోడలు మంగతాయారు గారు క్యారియర్ పట్టుకుని వచ్చారు. ఆవిడ మంచాన పడ్డాక కొట్టు ఈవిడే నడుపుతున్నారట. మూత తీయగానే అల్లం వాసన వార్డంతా కమ్మేసింది.

వీరవేణి గారు లేచి కూర్చుని ముందు మా వైపు చూశారు. "సిస్టరమ్మ గారూ, ఒక పెసరట్టు తినండి."

"వద్దండి, ఇప్పుడే టిఫిన్ చేశాం."

"అదేంటండి, ఒక్కటే. చల్లారిపోతన్నాయి."

"అబ్బే, ఆకలి లేదండి. నిజంగా."

ఆవిడ ఊరుకోలేదు. కాగితం ప్లేటులో రెండు వేసి, అల్లప్పచ్చడి పక్కన పెట్టి నా చేతికే ఇచ్చేశారు. "ఆకలి లేకపోతే నా కోసం తినండి. మీరలాగే అంటారని నాకు తెల్దేంటండి?"

తిన్నాను. ఆకలి దంచేస్తోంది, పొద్దున్న కాఫీ తప్ప ఏమీ పడలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే అది. మొదటిసారి వద్దంటాం, రెండోసారీ వద్దంటాం, మూడోసారి చెయ్యి చాపుతాం. మొదటిసారే ఊఁ అంటే ఆబగా ఉందనుకుంటారు. మొదటి మాటకే సరేనని ఊరుకునేవాళ్ళని పిసినారులంటారు. గోదావరి పక్కన పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పరు. ఈ మనిషి ముప్పై ఏళ్ళుగా ఒక్కరి మొదటి వద్దుని కూడా నమ్మలేదు, అందుకే ఆ కొట్టు నడిచింది. అలాంటి మనిషి మొదటి మాటని మేము పట్టుకుని కాలు తీసేయబోతున్నాం.

సగం అట్టు ప్లేటులోనే వదిలేశాను. నక్షత్ర మంచినీళ్ళు తెచ్చింది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది, దానికి నా కంటే ముందే తెలిసినట్టుంది.

మంగతాయారు గారు వెళ్ళాక మంచం దగ్గరికి వెళ్ళాను. ఈసారి పలకని అడగలేదు.

"వీరవేణి గారూ, రేపు కాలు తీయడం మీకు సమ్మతమేనా?"

"మీ ఇష్టమండి," అన్నారు, నవ్వుతూనే.

రెండోసారి అడగాలి. నోరు తెరిచాను. పదకొండేళ్ళు పిల్లలకి వద్దు వద్దని చెప్పిన నోరు, ఒక్కసారిగా తిరగనంటే తిరగనంది. పైగా ఆ బాలింత కళ్ళ ముందుకొచ్చింది. దుప్పటి సర్ది వచ్చేశాను. పిరికిదాన్ని. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాసుకుంటాను.

ఆరో రోజు, శనివారం

తొమ్మిది ముప్పావుకి డాక్టరు వచ్చారు. మంచం కాళ్ళవైపు నిలబడ్డారు. నేనొక పక్క, నక్షత్ర ఇంకో పక్క. యంత్రపు చేతులు స్ట్రెచర్ దించడానికి సిద్ధంగా పైన ఆగి ఉన్నాయి.

"వీరవేణి గారూ, ఎడమ కాలు మోకాలి కింద తీస్తున్నాం. మీకు సమ్మతమేనా?"

"మీ ఇష్టమండి డాక్టర్ గారూ."

ఆయన తలూపి నా వైపు చూశారు. నేను సంతకం పెట్టాలి. పెన్ను తీశాను గానీ పెట్టలేదు. నక్షత్ర గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది.

"డాక్టర్ గారూ, కూర్చోండి," అన్నాను.

"ఏంది సిస్టర్?"

నేనే స్టూలు లాగి ఆయన వెనక పెట్టాను. "కూర్చుని మళ్ళీ అడగండి. నిలబడి అడిగితే మా గోదావరివాళ్ళు మీరు తొందరగా వెళ్ళాలేమోనని ఏదో ఒక జవాబు చెప్పేస్తారు."

"చెప్పేసింది కదా. ఇంగేముంది? మళ్ళీ అడిగితే ఒత్తిడి. నేను కాలేజీలో చదివింది మీ పాఠమే సిస్టర్."

"నాదే. సగమే రాశాను."

"మిగతా సగం ఏంది?"

నాకు ఉపన్యాసాలు రావు. "మనకి సుళువయ్యే జవాబు కోసం మళ్ళీ అడిగితే అది ఒత్తిడి. ఇక్కడ ఆవిడ ఊఁ అంటే మనకి గంట పని, కాదంటే ఏడు వారాల చాకిరీ. చాకిరీ పడేది నేను, ఈ పిల్ల. ఆ చాకిరీ కోసం అడగమంటున్నాను. తప్పయితే నా పేరు మీద రాసుకోండి."

ఆయన కూర్చున్నారు. కూర్చుంటే ఆవిడ మొహం, ఆయన మొహం ఒకే ఎత్తులోకి వచ్చాయి.

"అమ్మా, మళ్ళీ అడుగుతున్నా. కాలు తీయమంటావా, వద్దా?"

వీరవేణి గారు కంగారు పడ్డారు. "అయ్యో, నా గురించి గొడవ ఎందుకండి? అన్ని వారాలు మీ అందరికీ శ్రమ కదండీ."

"శ్రమే," అన్నారు డాక్టరు. మదనపల్లె మాట, అబద్ధం ఎందుకాడతాడు. "కట్టుకట్టేది సిస్టర్లు, వాళ్ళకి చానా శ్రమ. కాలు నిలుస్తాదో లేదో నాకూ తెలీదు. కొత్త కాలు బాగుంటాది, అదీ నిజమే. అయినా అడుగుతున్నా. నీకేం కావాల?"

ఆవిడ నా వైపు చూశారు. నేను కిటికీలోకి చూశాను. నా మొహంలో జవాబు వెతుక్కుంటారేమోనని భయం. నేను నవ్వితే అదీ ఒత్తిడే, ఏడిస్తే అదీ ఒత్తిడే. రేవులో ఎవరో పడవ తాడు విప్పుతున్నారు. ఎంతసేపు చూశానో తెలియదు. మెడ పట్టేసింది.

"కారణం చెప్పాలాండి?" అన్నారు వీరవేణి గారు, చాలా చిన్న గొంతుతో.

"అక్కర్లేదు," అన్నారు డాక్టరు.

"అయితే నా కాలు నాకుంచండి." అని, వెంటనే రెండు చేతులూ జోడించారు. "ఏమీ అనుకోకండి. తప్పయితే క్షమించండి."

తన కాలు తనకి కావాలన్నందుకు క్షమించమంటోంది ఆ తల్లి. నక్షత్ర వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను, కానీ ఇది నా సొంత పుస్తకం. డాక్టరు లేచి ఆవిడ జోడించిన చేతుల్ని విడదీసి దుప్పటి మీద పెట్టారు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, యంత్రపు చేతుల్ని ఆపేసే మీట తనే నొక్కారు.

తొమ్మిదో రోజు, మంగళవారం

రోజుకి రెండుసార్లు కట్టు. ఒక్కోసారి నలభై నిమిషాలు. నక్షత్రకి చెప్పాల్సినవి పుస్తకంలో లేవు. గాజుగుడ్డ లాగకు, ముందు ఉప్పునీళ్ళతో తడిపి దానంతట అది వదిలేదాకా ఆగు. పుండు వైపు కాదు, మనిషి మొహం వైపు చూడు. మొహం చూస్తూ చెయ్యి ఆడించడం వచ్చిన రోజు నువ్వు నర్సువి. దానికి రెండు రోజుల్లోనే వచ్చేసింది. నాకు ఆరు నెలలు పట్టింది.

పలక మాత్రం మారలేదు. ఆవిడ దుప్పటి పిడికిట్లో బిగించి ఉండగా "రెండండి, పర్లేదండి" అంటోంది. నేను దాని మీద తువ్వాలు కప్పేశాను. ఆవిణ్ణే అడుగుతున్నాం. మొదటిసారి పర్లేదండి అంటారు. రెండోసారి కొంచెం ఉందండి అంటారు. మూడోసారికి ఆరు అంటారు. ఆ మూడో అంకెనే రాస్తున్నాం, పక్కన నా సంతకం. ఇవాళ మధ్యాహ్నం కాలేజీల సంఘానికి ఉత్తరం పంపాను. మూడో పాఠం ఆపండి, నేను తప్పు రాశాను అని. ఇంకా జవాబు రాలేదు.

ఇరవై ఆరో రోజు, శుక్రవారం

చిటికెన వేలు, దాని పక్క వేలు నిలవలేదు. నిన్న డాక్టరు రెండూ తీసేశారు. అంతకు ముందు నాలుగు రోజులు కాలు మొత్తం పోతుందేమోనని భయపడ్డాం. ఆ నాలుగు రోజులూ నేను ఈ పుస్తకం ముట్టుకోలేదు. నేనే కదా అడగమన్నది. మోకాలి కింద తీయాల్సింది తొడ దాకా వెళ్తే ఆ పాపం నాదే కదా అని ఒకటే ఆలోచన. నక్షత్రతో అన్నాను కూడా.

"మీది కాదు మేడమ్. ఆవిడది. ఆవిడ కాలు, ఆవిడ మాట," అంది.

రెండో సంవత్సరం పిల్ల. చెంప ఛెళ్ళుమన్నట్టయింది, హాయిగానూ ఉంది.

ఇవాళ పొద్దున్న అంచుల్లో ఎర్రటి కండ కనపడింది. ఆరోగ్యంగా, తడిగా. డాక్టర్ని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూసి "పట్టింది సిస్టర్" అన్నారు.

నలభై తొమ్మిదో రోజు, ఆదివారం

పుండు రూపాయి బిళ్ళంత మిగిలింది. వీరవేణి గారు చేతికర్రతో వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నారు. బుధవారం పెదమెరకలో దింపేస్తాం. కొట్టు మళ్ళీ ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు నిలబడొచ్చో నక్షత్ర ఆవిడకి కాగితం రాసి ఇచ్చింది.

సాయంత్రం నాలుగింటి కట్టు నేను మొదలుపెట్టాను. నక్షత్ర మందుల లెక్క చూస్తోంది. గుడ్డ తడిపాను, ఆగాను, అంచు పట్టుకుని లేపాను. సగంలో ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు.

"నొప్పెంతండి?" అన్నాను.

"ఏడు."

నేను గుడ్డ వదిలేసి ఆవిడ మొహంలోకి చూశాను. పర్లేదండి కోసం ఇంకా ఎదురుచూస్తున్నట్టున్నాను. అది రాలేదు.

"సిస్టరమ్మ గారూ, మీరు మంచివారేగానీ మీ చెయ్యి బరువండి. మొదటి రోజు నుంచీ చెప్దామనుకుంటన్నాను. ఆ పిల్లని పిలవండి, ఆ పిల్ల కట్టు కడితే తెలీనే తెలీదు."

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నా చెయ్యి బరువని అన్నవాళ్ళు లేరు. నాకు రోషం రాలేదంటే అబద్ధం. చెవులు వేడెక్కాయి. లేచి, చేతులు కడుక్కుని, మందుల గదికి వెళ్ళి నక్షత్రని పంపించాను. అది వెళ్ళి స్టూలు మీద కూర్చుని ఏదో అంది, వీరవేణి గారు నవ్వడం ఇక్కడిదాకా వినపడింది. అక్కడే మందుల అల్మరాకి ఆనుకుని నేనూ నవ్వుకున్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

డ్యూటీ చిట్టాలో ఇలా రాశాను. నాలుగు గంటల కట్టు. నొప్పి ఏడు. రోగి సిస్టర్‌ని మార్చమని కోరారు, మార్చాం. మొదటిసారి అడిగినప్పుడే చెప్పారు.